మా అవ్వలు గట్టివాళ్లు అంటే చాలదా?

ప్రశ్న: అమెరికా కవయిత్రి మార్గరెట్ వాకర్ రాసిన 'లీనియేజ్' మీద విశ్లేషణ రాయాలి. 12 లైన్లే. మా అవ్వలు గట్టివాళ్లు, దున్నారు, విత్తారు, నేనెందుకు వాళ్లలా లేను అని ముగుస్తుంది. ఇంతకుమించి ఏం రాయాలో తోచక టెన్షన్‌గా ఉంది. చివర్లో ఆమె తనను తాను కించపరుచుకుంటోందా? - ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: టెన్షన్‌తో పాటు 'స్త్రీశక్తి', 'త్యాగమూర్తి' లాంటి మాటలు కూడా వదిలేయండమ్మా, కవితలో అవి లేవు. గట్టివాళ్లు అన్న మాట ఉంది, అదీ మూడుసార్లు, మిగతాదంతా పనే. మొదటి ఆరు లైన్లలో క్రియల కింద గీత గీసి చూడండి: నాగలి వెంట నడిచారు, నడుం వంచారు, విత్తుకుంటూ పోయారు, మట్టిని ముట్టుకున్నారు. పొగడ్తంతా అక్కడే ఉంది. పాట కూడా ఉంది, దాన్ని వదిలేసి ఉత్త కష్టాల కవితగా రాయకండి.

పొలంలో దూరం నుంచి కనిపించినవాళ్లు రెండో సగంలో వాసన తెలిసేంత దగ్గరికొస్తారు. సబ్బు, ఉల్లిపాయ, తడిమట్టి, చేతుల మీద ఉబ్బిన నరాలు. వాళ్ల మాటలు శుభ్రమైనవి అంటుంది కదా, కాస్త పైనే సబ్బు ఉందని గమనించారా? నాకు బాగా నచ్చిన చోటు అదే. ఇంకోటి, గట్టిదనం మూడుసార్లూ భూతకాలంలోనే ఉంది, జ్ఞాపకాలు మాత్రం వర్తమానంలోకి వచ్చాయి. మీ వ్యాసాన్ని దీని మీదే నిలబెట్టొచ్చు.

ఇక ఆ ప్రశ్న. వాకర్ 1915లో అలబామాలో పుట్టారు. అమెరికాలో బానిసత్వాన్ని చట్టం రద్దు చేసింది 1865లో, అంటే మధ్యలో 50 ఏళ్లే. ఆమె ముత్తవ్వ బానిసగా పుట్టిన మనిషి. తండ్రి చర్చి పాస్టరు, తల్లి సంగీతం టీచరు, తను యూనివర్సిటీలో చదువుకుని 1942లో ఈ కవిత ఉన్న పుస్తకం తెచ్చారు. నాగలి పట్టాల్సిన అవసరం తప్పినావిడ, ఆ అవసరంతో పాటు ఇంకేం పోయిందో అని అడుగుతోంది. ఇది కించపరుచుకోవడం అని నాకనిపించదు. జవాబు ఆవిడే ఇవ్వలేదు, మీరూ ఇవ్వక్కర్లేదు.

అన్నట్టు, తెలుగులో 'అమ్మమ్మలు' అని రాస్తే తండ్రి వైపు వాళ్లు పోతారు, 'అవ్వలు' నయం. ఎవరికైనా అవ్వలు ఇద్దరే, ఈ బహువచనం ఇద్దరితో ఆగేలా లేదు. టైటిల్‌కి 'వంశం' అని రాసుకోండి. వంశం అనగానే తాతముత్తాతల పేర్లు చెప్తాం కదా, ఇందులో ఒక్క తాత కూడా లేడన్న సంగతి మాత్రం రాయడం మర్చిపోకండి.