నచ్చిన ప్రోగ్రామింగ్ భాష గురించి టీములో ఎలా చెప్పాలి?

మీ ప్రశ్న ఇది: రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష మీకు బాగా నచ్చింది, పీహెచ్‌పీలో పనిచేసే మీ టీముకు దాని గురించి చెప్పబోతే ముఖం తిప్పుకుంటున్నారు, ఎలా చెబితే వింటారు అని. నేను వినే వైపు మనిషిని. కర్నూలులో ఒక చిన్న ఆఫీసులో పీహెచ్‌పీ రాస్తాను. మార్కెట్ యార్డులోని కమీషన్ అంగళ్లకు, ఆదోని పత్తి వ్యాపారులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తాం.

"ఏమన్నా, ఇంకా పీహెచ్‌పీనేనా?" అని మొదలుపెడితే మాట అక్కడితోనే ఆగిపోతుంది. ఆ కోడుతోనే మా ఇల్లు గడుస్తోంది. పైగా తిట్టేవాళ్లు ఎత్తిచూపేవి చాలావరకు పీహెచ్‌పీ 5 నాటి సంగతులు. 2015లో 7 వచ్చాక వేగం బాగా పెరిగింది, 2020లో వచ్చిన 8తో టైపుల (ఏ విలువ అంకె, ఏది అక్షరాలు అని ముందే చెప్పే పద్ధతి) విషయంలోనూ ముందుకెళ్లింది. వికీపీడియాను నడిపించే మీడియావికీ పీహెచ్‌పీయే. ఎదుటివాళ్ల భాషను విమర్శించే ముందు దాని ఇప్పటి వెర్షన్ ఒకసారి చూడటం కనీస మర్యాద.

నన్ను ఒప్పించినవాడు ఒకడున్నాడు. అనంతపురం కుర్రవాడు, మా దగ్గరే చేరాడు, గో అనే భాషంటే ప్రాణం. చేరిన కొత్తలో దాని పేరే ఎత్తలేదు. నాతోపాటు అంగళ్లకు వచ్చి, ఎలక్ట్రానిక్ కాటా నుంచి తూకాన్ని కంప్యూటర్‌లోకి తెచ్చే మా పైథాన్ ప్రోగ్రాం ఎక్కడెక్కడ మొరాయిస్తోందో చూశాడు. ప్రతి అంగట్లో పైథాన్ ఇన్‌స్టాల్ చేయాలి, లైబ్రరీలు సరిపోవాలి, ఒక్కోచోట ఒక్కో వెర్షన్. అవన్నీ చూశాక అడిగాడు: "అన్నా, ఈ ముక్క ఒక్కటి గోలో రాసి చూపించేదా? ఒకే ఎగ్జీ ఫైలు, పెన్‌డ్రైవులో వేసుకొని పోయి కాపీ చేస్తే చాలు."

నేను అడక్కముందే లోట్లు కూడా చెప్పాడు. మా అంగళ్లలో విండోస్ 7 కంప్యూటర్లు చాలా ఉన్నాయి. గో 1.21 నుంచి వాటి మీద నడవదు, 1.20 దగ్గరే ఆగిపోవాలి, దానికి సెక్యూరిటీ ఫిక్సులు ఇక రావు. ఎర్రర్ రాగల ప్రతిచోటా దాన్ని మనమే చూసుకోవాలి, కోడు పొడుగవుతుంది. నాకు నేర్పేదాకా, ఏది చెడినా ఫోను తనకే చేయమన్నాడు. నాకు నమ్మకం కుదిరింది ఆ మాటలతోనే. ఇప్పుడు ఆ ముక్క గోలో ఉంది, బిల్లింగ్ పీహెచ్‌పీలోనే ఉంది. దాన్ని కూడా మార్చుదామని అతను ఎప్పుడూ అనలేదు.

ఇక మీ రస్ట్. గార్బేజ్ కలెక్టర్ (వాడేసిన మెమరీని ప్రోగ్రాం నడుస్తుండగా ఖాళీ చేసేది) లేకుండానే, మెమరీ తప్పులను కంపైల్ చేసేటప్పుడే, అంటే కోడును కంప్యూటర్ భాషలోకి మార్చేటప్పుడే పట్టుకోవడం దాని పెద్ద బలం. సీ, సీ ప్లస్ ప్లస్ రాసేవాళ్లకు అది వరం. 2022 డిసెంబరులో వచ్చిన లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం, 6.1 కెర్నల్‌లో రస్ట్‌కు చోటిచ్చిందీ ముఖ్యంగా అందుకే. కానీ పీహెచ్‌పీ రాసేవాళ్లకు మెమరీ సంగతి ఆ భాషే చూసుకుంటుంది. లేని జబ్బుకు మందు చెబితే ఎవరు వింటారు? మీ టీములో నిజంగా ఏది నెమ్మదిగా ఉందో చూడండి. పెద్ద ఫైళ్లు చదివి లెక్కలు కట్టే పనేదైనా ఉంటే అదొక్కటి రస్ట్‌లో రాసి, రెండింటి టైములూ పక్కపక్కన పెట్టండి. మెమరీ వాడకంలో తప్పుంటే కోడును ఒప్పుకోని రస్ట్ బారో చెకర్‌తో మీరు ఎంతకాలం కుస్తీ పట్టారో, కంపైల్ కావడానికి ఎంతసేపు పడుతుందో కూడా దాచకుండా చెప్పండి. వద్దంటే వదిలేయండి. ప్రతి మీటింగులో మళ్లీ ఎత్తితే మంచి భాషకే చెడ్డపేరు.

ఇంకొకటి, నాకు నిజంగా బాధ కలిగించేది: విద్యార్థుల దగ్గర చేసే ప్రచారం. టీములోవాళ్లు మనతో వాదిస్తారు. పిల్లలు వాదించరు, నమ్మేస్తారు. మూడు నెలల్లో క్యాంపస్ పరీక్షలు పెట్టుకొని జావాలో సాధన చేస్తున్న అమ్మాయితో "జావా పాతబడింది, రస్ట్ నేర్చుకో" అంటే, ఆ సాధన ఆపేసి, ఏదీ పూర్తిగా రాకుండా పరీక్షకు పోతుంది. మన కర్నూలు, కడపల్లో ఇంటిని నిలబెట్టే మొదటి ఉద్యోగం కోసం చదివే పిల్లలు ఎంతోమంది. వాళ్లు సలహా అడిగితే ముందు పరీక్ష ఎప్పుడో, ఏ భాషల్లో రాయనిస్తారో కనుక్కోండి. రస్ట్ సంగతి ఉద్యోగం వచ్చాక ఎత్తండి, అప్పుడు దగ్గర కూర్చోబెట్టుకొని నేర్పండి.