కొత్త అక్వేరియంలో చేపలు చనిపోతున్నాయి: తెగులు కాదు, అమ్మోనియా

ప్రశ్న: వంద లీటర్ల కొత్త గాజు తొట్టిలో కుళాయి నీరు నింపి, రెండో రోజే ఇరవై గప్పీలు, టెట్రాలు వదిలాను. వారం తిరిగేసరికి నీరు తెల్లగా మసకబారింది. చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, ఎనిమిది చనిపోయాయి. బూజు తెగులని చెప్పి దుకాణదారు యాంటీబయాటిక్ పొడి ఇచ్చారు. ఇంకా ఎంత మోతాదు వేయాలి?

జవాబు: ఇక ఒక్క చిటికెడు కూడా వేయవద్దు. బూజు తెగులైతే చేప ఒంటిపై దూది పింజల వంటి పెరుగుదల కనిపించాలి. మీరు రాసిన లక్షణాల్లో అది లేదు. ఒకవేళ అదే అయినా యాంటీబయాటిక్ బూజుపై పనిచేయదు, పైగా ఫిల్టరులో అప్పుడప్పుడే నెలకొంటున్న మేలుచేసే బ్యాక్టీరియాను దెబ్బతీస్తుంది. నీటిని పరీక్షించకుండా మందు అంటగట్టే అమ్మకందారుల మాట నమ్మి ఎందరో చేపలను పోగొట్టుకోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

మీ తొట్టిలో పేరుకున్నది అమ్మోనియా అని నా బలమైన అనుమానం. చేపల విసర్జన నుంచి, మిగిలిన మేత నుంచి పుట్టే ఈ విషాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైటుగా, మరొక రకం దానిని అంతగా హాని చేయని నైట్రేటుగా మారుస్తాయి. కొత్త తొట్టిలో ఇవి తగినంతగా పెరగడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. మీరు రెండు రోజులే ఆగారు.

ముందుగా పరీక్ష కిట్‌తో అమ్మోనియా, నైట్రైటు రోజూ చూడండి. రెండు రోజులు మేత ఆపండి. క్లోరిన్ తొలగించిన, అదే ఉష్ణోగ్రత గల నీటితో రోజూ మూడో వంతు మార్చుతూ, అమ్మోనియా లీటరుకు 0.25 మిల్లీగ్రాముల లోపు ఉండేలా చూడండి. గాలి పంపు నిరంతరం నడవాలి. నైట్రైటు కనిపిస్తే 100 లీటర్లకు 50 గ్రాముల అయోడిన్ లేని ఉప్పును విడిగా నీటిలో కరిగించి, ఒకే ఒక్కసారి పోయండి. ఉప్పులోని క్లోరైడు నైట్రైటును మొప్పల్లోకి పోనివ్వదు. ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద కడగవద్దు, తొట్టి నుంచి తీసిన నీటిలోనే పిండండి.

ఇకపై మరో తొట్టి సిద్ధం చేసేటప్పుడు సబ్బు వాడకుండా కడిగి, క్లోరిన్ తొలగించిన నీరు నింపి, హీటరుతో 26 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచి, ఫిల్టరు నడుపుతూ 100 లీటర్లకు 0.6 గ్రాముల అమ్మోనియం క్లోరైడు కలపండి. చేపలు లేని ఆ తొట్టిలో ఇది మేలుచేసే బ్యాక్టీరియాకు ఆహారంగా లీటరుకు దాదాపు 2 మిల్లీగ్రాముల అమ్మోనియా ఇస్తుంది. అది తగ్గినప్పుడల్లా మళ్లీ అంతే మోతాదు ఇవ్వండి. ఆరోగ్యంగా ఉన్న పాత తొట్టి ఫిల్టరు స్పాంజి ముక్క దొరికితే కొత్త ఫిల్టరులో పెట్టండి, ఆ 4 నుంచి 6 వారాల గడువు బాగా తగ్గుతుంది. ఒక మోతాదు వేసిన 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు చేరితేనే తొట్టి సిద్ధమైనట్లు. అప్పుడు సగం నీరు మార్చి, మొదట నాలుగైదు చిన్న చేపలనే వదలండి. వారం పాటు పరీక్షల్లో రెండూ సున్నాగా ఉంటేనే మరి కొన్నింటిని చేర్చండి.