కాన్పుతోపాటే ఆపరేషన్ అంటున్నావు, ఆస్పత్రి ఎవరిదో కనుక్కున్నావా?

నువ్వు రాసింది రెండుసార్లు చదివానమ్మా. డాలస్ వచ్చి ఆర్నెల్లు, ఇప్పుడు నాలుగో నెల. మొదటిది సిజేరియన్, ఇదీ సిజేరియనే అంటున్నారు కాబట్టి పనిలో పనిగా కు.ని. ఆపరేషన్ కూడా చేయించేసుకోవాలని ఉందన్నావు. గుంటూరులో అయితే దీనికి ఉత్తరం రాసే పనే ఉండదు. ఇక్కడ మాత్రం డాక్టర్ మంచిదా కాదా అన్నదొక్కటే చూస్తే సరిపోదు. ఆస్పత్రి ఎవరిది, ఇన్సూరెన్స్ ఎవరిచ్చారు, మనం ఏ రాష్ట్రంలో ఉన్నాం అన్నవీ చూసుకోవాలి.

నా సంగతే చెప్తాను. 2011లో మా చిన్నాడు కడుపులో ఉన్నప్పుడు ఇంటికి దగ్గరని ఒక ఆస్పత్రిలో పేరు రాయించుకున్నాం. గోడ మీద సిలువ కనిపించింది, ఉంటే ఉందిలే అనుకున్నాం. మిషన్ ఆస్పత్రుల్లో పుట్టినవాళ్లు మన ఊళ్లలో తక్కువేం కాదు కదా. ఎనిమిదో నెలలో ఫారాలు నింపుతుంటే కౌంటర్ దగ్గరావిడ నెమ్మదిగా చెప్పింది, ట్యూబులు కట్టడం ఇక్కడ చేయరని. మా డాక్టరమ్మకు ఏ అభ్యంతరమూ లేదు, అభ్యంతరమంతా ఆ బిల్డింగుకే. క్యాథలిక్ ఆస్పత్రులు ఇక్కడి బిషప్పులు రాసిన నియమాల ప్రకారం నడుస్తాయి, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కి అందులో చోటు లేదు. అప్పటికప్పుడు ఆస్పత్రి మార్చే వీల్లేకపోయింది. కాన్పయిన రెండు నెలలకి వేరేచోట మళ్లీ మత్తు, మళ్లీ కుట్లు, వాటికో బిల్లు. ఆడవాళ్ల గర్భనిరోధకాలకు ఇన్సూరెన్స్ పూర్తిగా కట్టాలన్న రూలు 2012 ఆగస్టులో మొదలైంది. నేను ఏడాది ముందు పడ్డాను.

సాయానికొచ్చిన మా అమ్మకి ఇది ఎంతకీ మింగుడుపడలేదు. "మాకైతే వాళ్లే ఎదురు డబ్బులిచ్చి, జీపులో ఇంటి దగ్గర దింపారే!" అంది. ఆవిడ ఆశ్చర్యంలో న్యాయముంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మందికి ఆ ఆపరేషన్ అయిపోయింది. మగవాళ్ల జోలికి వెళ్లినవాళ్లు లేరనుకో, అది వేరే గొడవ.

కాబట్టి ఈ వారమే ఆస్పత్రికి ఫోన్ చేసి, సిజేరియన్‌తోపాటు ట్యూబల్ చేస్తారా అని అడుగు. డాక్టర్ "చేద్దాం" అన్నా సరే, ఆస్పత్రివాళ్లను విడిగా అడగాల్సిందే. పేరులో సెయింట్ లేదని ధీమా పడకు, పేరు చూసి యాజమాన్యం తెలియదు.

ఇన్సూరెన్స్ మీ ఆయన కంపెనీది కాబట్టి ఆ ఇన్సూరెన్స్ ఒప్పుకున్న ఆస్పత్రుల జాబితాలో (నెట్‌వర్క్ అంటారు) ఉన్నంతవరకు నీ ఆపరేషన్‌కి, లూప్‌కి, మాత్రలకి మామూలుగా చేతినుంచి పడదు. కొన్ని కంపెనీలు మతం పేరుతో తప్పించుకోవచ్చు, 2014లో హాబీ లాబీ అనే దుకాణాల కంపెనీ కేసులో సుప్రీంకోర్టు ఆ దారి తెరిచింది. మన కన్సల్టెన్సీలకి అంత భక్తి ఉన్నట్టు నేను వినలేదు. తమాషా ఏంటంటే, కోత చిన్నది, పావుగంటలో అయిపోయే మగవాళ్ల వేసెక్టమీని ఉచితంగా చేయాలని ఆ 2012 రూలులో లేదు. అయినా మీ ఆయన్ని ఒకసారి అడిగి చూడు.

ఇన్సూరెన్స్‌వాళ్లు పంపే లెక్కల కాగితం, ఇక్కడ ఈఓబీ అంటారు, ప్లాన్ ఎవరి పేరున ఉంటే వాళ్లకే వస్తుంది. నీకు దాపరికం లేకపోవచ్చు. తల్లిదండ్రుల ప్లాన్ మీద ఉన్న కాలేజీ పిల్లలకి, మొగుడికి చెప్పకుండా లూప్ వేయించుకున్న ఆడపిల్లలకి గుట్టు బయటపడేది అక్కడే. అలాంటివాళ్లు ప్రిస్క్రిప్షన్ అక్కర్లేని ఓపిల్ అనే రోజువారీ గర్భనిరోధక మాత్రలు కొనుక్కోవచ్చు. 2024 మార్చి నుంచి దుకాణాల్లో దొరుకుతోంది, నెలకి 20 డాలర్ల దాకా. మన ఐ-పిల్‌లో ఉన్న మందే ఇక్కడ ప్లాన్ బి పేరుతో అమ్ముతారు. టెక్సాస్‌లో ఇవన్నీ చట్టబద్ధమే, ఆ టెన్షన్ పెట్టుకోకు.

నిషేధం ఉన్నది అబార్షన్ మీద. 2022 జూన్‌లో సుప్రీంకోర్టు అబార్షన్‌ని హక్కుగా ఇచ్చిన 1973 నాటి రో తీర్పును కొట్టేసింది. ఆగస్టు 25 నుంచి ఇక్కడ తల్లి ప్రాణం మీదికి వస్తేనో, ముఖ్యమైన అవయవం పాడయ్యే ప్రమాదముంటేనో తప్ప చేయకూడదు. చేసిన డాక్టర్‌కి యావజ్జీవం దాకా పడొచ్చు, తల్లికి మాత్రం శిక్ష లేదు. ట్యూబులో నిలిచిన గర్భం తీయడం, గుండె ఆగిన పిండాన్ని తీయడం అబార్షన్ కిందికి రావని చట్టంలోనే ఉంది. అయినా నీకు రక్తం పోతున్నప్పుడు భయంతో తాత్సారం చేసేవాళ్లు తగలొచ్చు. ఆ మాట గుర్తుపెట్టుకుని గట్టిగా అడుగు.

20 వారాల స్కాన్ నీకు ఇంకా కాలేదు కదా, అందుకే ఇది చెప్పాల్సొస్తోంది. ఇండియాలో అబార్షన్ చట్టానికి 2021లో చేసిన సవరణ తర్వాత, పిండంలో తీవ్రమైన లోపముంటే 24 వారాలు దాటినా మెడికల్ బోర్డు ఒప్పుకుంటే చేస్తారు. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. మన డాలస్ ప్రాంతంలోనే ఉండే కేట్ కాక్స్ అనే ఆవిడ కడుపులో బిడ్డకి ట్రైసోమీ 18 (బిడ్డ బతకడం కష్టమయ్యే క్రోమోజోమ్ లోపం) అని తేలితే అబార్షన్‌కి అనుమతి కోసం ఆమె కోర్టుకెక్కింది. 2023 డిసెంబరులో రాష్ట్ర సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, ఆమె వేరే రాష్ట్రం వెళ్లాల్సొచ్చింది. అలా వెళ్లడం నేరం కాదు. న్యూ మెక్సికోలో అనుమతి ఉంది, అల్బుకర్కీ పది గంటల డ్రైవ్. నీకా అవసరం రాదనే అనుకుంటున్నాను. కానీ స్కాన్‌ని వారం వెనక్కి జరుపుతామంటే ఒప్పుకోకు.

కాన్పుకి మీ అమ్మగారు వస్తున్నారన్నావు. ఎందుకైనా మంచిదని మెడికల్ షాపు నుంచి అబార్షన్ కిట్టు కూడా తెచ్చే తల్లులున్నారు. ఇక్కడి చట్టం వాడిన మనిషిని వదిలేసి ఇచ్చిన మనిషిని పట్టుకుంటుంది. అలాంటివి తేవద్దని ఆవిడకి టికెట్ కొనేటప్పుడే చెప్పు. సూట్‌కేసు సర్దాక చెబితే ఏ చీర మడతలో పెట్టారో ఆవిడకే గుర్తుండదు.