స్పిట్‌ఫైర్ పొల్యూషన్ పరీక్షలో తప్పుతోందని ఇంజిన్ మార్చకండి

మీ తాతగారు ఇంగ్లండు నుంచి తెచ్చుకున్న 1968 నాటి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ కారు తిరుపతిలో రెండుసార్లు పొల్యూషన్ పరీక్షలో తప్పిందని, రిజిస్ట్రేషన్ గడువు ఏనాడో తీరిపోయిందని, తెలిసినవారందరూ పాత ఇంజిన్ తీసేసి మారుతి ఇంజిన్ వేయించమంటున్నారని, ఏం చేయాలో చెప్పమని అడిగారు. ఇంజిన్ మార్చకండి. అందరికన్నా ముందు ఆ మాట మీకు నేను చెప్పాలన్న ఆత్రంతోనే ఈ జవాబు రాస్తున్నాను.

మా ఇంట్లో ఉన్నది 1967 నాటి ఎం.జి.బి., అదీ మీదిలాగే బ్రిటిష్ కారే. మా మామయ్య ఇంగ్లండులో వైద్యం చదువుకుని 1972లో తిరిగి వస్తూ దాన్ని ఓడలో మద్రాసు రేవుకు తెప్పించుకున్నారు. చిత్తూరులో రిజిస్టర్ చేయించి 1991 వరకు ఆయనే నడిపారు. ఆయన చూపు మందగించాక అది పెరట్లోని రేకుల షెడ్డులో ముప్పై ఏళ్లు నిలిచిపోయింది. 2022లో నేను దాన్ని తిరుపతికి తెచ్చుకున్నాను, సరిగ్గా ఆ ఏడాది ఏప్రిల్‌లోనే తిరుపతి వేరు జిల్లా అయింది. అందువల్ల పాత రికార్డు చిత్తూరులో, నా చిరునామా తిరుపతిలో ఉండిపోయి, డెబ్బై కిలోమీటర్ల దారిలో ఎన్నిసార్లు తిరిగానో చెప్పలేను.

ఇంజిన్ మార్చవద్దని అనడానికి కారణం అభిమానం ఒక్కటే కాదు. కేంద్ర మోటారు వాహనాల నియమాలకు 2021 జూలైలో చేసిన సవరణ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నాటి నుంచి యాభై ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్ద మార్పులేవీ లేకుండా అసలు రూపంలో ఉన్న వాహనాన్నే వింటేజ్ వాహనంగా గుర్తిస్తారు. దిగుమతి చేసుకున్నవాటికీ ఇదే వర్తిస్తుంది. మీ కారు వయసు ఆ గీత దాటింది కాబట్టి అర్హత ఇప్పటికే మీ చేతిలో ఉంది. మారుతి ఇంజిన్ వేయించిన రోజున అది చేజారిపోతుంది. పొల్యూషన్ కాగితం కోసం ఇంజిన్ మార్చి, ఆ మార్చిన ఇంజిన్ వల్లే వింటేజ్ గుర్తింపు పోగొట్టుకోవడం ఎంత నష్టమో ఆ సలహా ఇచ్చేవారు ఒక్కరూ ఆలోచించరు. పైగా దిగుమతి కారును మామూలు పద్ధతిలో పునరుద్ధరించుకోవడానికి 2022 ఏప్రిల్ నుంచి 40,000 రూపాయల రుసుము పెట్టారు, ఆ తర్వాత అది ఇంకా పెరిగింది. వింటేజ్ పద్ధతిలో కొత్తగా రిజిస్టర్ చేయించడానికి 20,000, ఆ తర్వాత మళ్లీ రిజిస్టర్ చేయించుకోవడానికి 5,000 మాత్రమే.

ఇక పొల్యూషన్ పరీక్ష సంగతికి వస్తాను. మన పాత పెట్రోలు కార్లకు పెట్టిన హద్దు కఠినమైనదేమీ కాదు. కార్ల పొగకు ప్రభుత్వం పెట్టిన భారత్ స్టేజ్ ప్రమాణాల్లో స్టేజ్ 2 కన్నా ముందు నాటి నాలుగు చక్రాల పెట్రోలు వాహనం, న్యూట్రల్‌లో నిదానంగా తిరుగుతున్నప్పుడు వదిలే పొగలో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం, హైడ్రోకార్బన్లు 1,500 పి.పి.ఎం. (అంటే పది లక్షల భాగాల్లో 1,500) మించకపోతే చాలు. భారత్ స్టేజ్ 4 కారుకైతే అవే 0.3 శాతం, 200 పి.పి.ఎం. ఒక మంచి ఎం.జి.బి. గాని, స్పిట్‌ఫైర్ గాని ఆ పాత హద్దు లోపల సునాయాసంగా ఉండగలదని నా గట్టి నమ్మకం. ఉండలేదంటే లోపం కారు వయసుది కాదు, పెట్రోలును గాలితో కలిపే కార్బొరేటర్‌ది.

నా కారు మొదటిసారి కార్బన్ మోనాక్సైడ్ 6.1 శాతం చూపించింది. గడువు తీరిన కారును రోడ్డు మీద నడపకూడదు కాబట్టి టోయింగ్ బండి మీద రేణిగుంట రోడ్డులోని ఒక పరీక్ష కేంద్రానికి తీసుకెళ్లాను. చల్లటి ఇంజిన్‌ను, పెట్రోలు ఎక్కువగా పంపే చోక్ లాగి స్టార్ట్ చేసిన రెండు నిమిషాలకే అక్కడి కుర్రవాడు సైలెన్సర్ గొట్టంలోకి ప్రోబ్ దూర్చాడు. ఇంజిన్ వేడెక్కే వరకు ఆగమన్నా వినలేదు. వెనుక మరో ఆరు బళ్లు నిలబడి ఉన్నాయి. "ఇంత పాత బండి పాస్ కాదు సార్" అని తేల్చేశాడు. పరికరం మీద అంకె చూడడం మాత్రమే నేర్పి, ఆ అంకె ఎందుకు వచ్చిందో నేర్పకుండా పిల్లలను ఆ కుర్చీలో కూర్చోబెడుతున్నందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

అప్పుడు కరకంబాడి రోడ్డు పక్కన ఒక చిన్న షెడ్డులో డెబ్బై దాటిన ఒక మేస్త్రీ గారి దగ్గరికి వెళ్లాను. నలభై ఏళ్లు అంబాసిడర్ టాక్సీలను బాగుచేసినవారు. బానెట్ ఎత్తి ఒక నిమిషం చూసి, "ఇది మన అంబాసిడర్ ఇంజినే గదా నాయనా" అన్నారు. ఆ మాట అక్షరాలా నిజం. అంబాసిడర్‌లోని 1,489 సి.సి. ఇంజిన్, ఎం.జి.బి.లోని 1,798 సి.సి. ఇంజిన్ రెండూ బి.ఎం.సి. అనే బ్రిటిష్ కంపెనీ వారి బి-సిరీస్ కుటుంబానివే, కార్బొరేటర్ కూడా అదే ఎస్.యు. రకం. ఎం.జి.బి.కి అవి రెండుంటాయి. మీ స్పిట్‌ఫైర్ ఇంజిన్ కుటుంబం వేరైనా దానికీ ఎస్.యు. కార్బొరేటర్లే రెండు ఉంటాయి.

ఆయన ముందుగా ఇరవై నిమిషాలు ఇంజిన్‌ను అలాగే తిరగనిచ్చారు. నీళ్లు వేడెక్కాక ఎయిర్ క్లీనర్లు విప్పి, ఒక రబ్బరు గొట్టం కొన ఒకదాన్ని కార్బొరేటర్ నోటి దగ్గర, రెండోదాన్ని తన చెవిలో పెట్టుకుని, లోపలికి పీల్చుకుంటున్న గాలి చప్పుడు విన్నారు. ముందుదాన్ని, వెనుకదాన్ని మార్చి మార్చి విని, రెండూ ఒకే రకంగా బుసకొట్టే వరకు థ్రాటిల్ స్క్రూలు సరిచేశారు. తర్వాత కార్బొరేటర్ పక్కనున్న చిన్న పిన్నుతో దాని లోపలి పిస్టన్‌ను కొద్దిగా, గోరు మందమంత మాత్రమే, పైకెత్తారు. వెనుకదాన్ని ఎత్తినప్పుడు ఇంజిన్ ఒక క్షణం వేగం పెరిగి మళ్లీ కుదుటపడింది, అంటే మిశ్రమం సరిగ్గా ఉంది. ముందుదాన్ని ఎత్తినప్పుడు వేగం పెరిగి అలాగే ఉండిపోయింది. పెట్రోలు ఎక్కువగా వెళుతోందని దాని అర్థం. కింద వేలు పెట్టి తడిమి, నన్ను వంగి చూడమన్నారు. చోక్ లోపలికి నెట్టినా ముందు కార్బొరేటర్ జెట్, అంటే పెట్రోలు వచ్చే సన్నని గొట్టం, పూర్తిగా పైకి రాలేదు, బియ్యపు గింజ మందం కిందికే వేలాడుతోంది. ముప్పై ఏళ్ల తుప్పు చోక్ వైరును పట్టేసింది. కిరసనాయిలుతో కడిగి నూనె వేశాక, జెట్ కిందనున్న ఆరు పలకల నట్టును రెండు పలకల మేర తిప్పి జెట్‌ను పైకి జరిపారు. మసి పట్టిన ప్లగ్గులు తుడిచారు, పాయింట్ల గ్యాప్ చూశారు. సైలెన్సర్ జాయింటు దగ్గర పొగ బయటికి పోతున్న చోటును కూడా బిగించారు, అక్కడి నుంచి గాలి కలిస్తే పరికరం చూపే అంకెను నమ్మలేమని చెప్పారు. కూలి 700 రూపాయలు తీసుకున్నారు.

రెండో రోజు పరీక్ష కేంద్రం గేటు బయటే బండి మీదనుంచి కారును దింపించి, పదిహేను నిమిషాలు ఇంజిన్ తిరగనిచ్చి, చోక్ పూర్తిగా నెట్టి ఉందో లేదో చూసుకుని లోపలికి తోయించాను. కార్బన్ మోనాక్సైడ్ 2.3 శాతం, హైడ్రోకార్బన్లు 540 వచ్చాయి. ఒక్క భాగం కూడా మార్చలేదు.

ఇక్కడ మీ ప్రశ్న దాటి ఒక మాట చెప్పాలి. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడాలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఒకప్పుడు యాత్రికులతో ఘాట్ రోడ్డు ఎక్కిన ఆ టాక్సీలను చెవితో విని బాగుచేసిన చేతులు ఇప్పుడు తిరుపతిలో, చిత్తూరులో కొద్దిగానే మిగిలాయి. మా మేస్త్రీ గారి కొడుకు మొబైల్ దుకాణం పెట్టుకున్నాడు. అలాంటి వారు మీ ఊరిలో ఉంటే ఈ నెలలోనే వెళ్లండి, వచ్చే ఏడాది దాకా ఆగకండి. ఆ పనితోపాటే పెట్రోలు రబ్బరు గొట్టాలన్నీ మార్పించండి, ఇథనాల్ కలిసిన నేటి పెట్రోలుకు ఆ నాటి రబ్బరు తట్టుకోదు. నా కారులో ఒక గొట్టం వేలితో నొక్కితే జిగటగా అంటుకుంది.

కాగితాల్లో వరుస ముఖ్యం. పాత నంబరు కంప్యూటర్‌లో లేకపోతే పరీక్ష కేంద్రంలో బండి వివరాలే ఎక్కవు. అందుకని ముందుగా రిజిస్టర్ చేసిన కార్యాలయంలో బ్యాక్‌లాగ్ ఎంట్రీ, అంటే పాత రికార్డును కంప్యూటర్‌లోకి ఎక్కించడం, చేయించుకోవాలి. నాకు దానికే రెండు నెలలు పట్టింది. ఆ తర్వాత పొల్యూషన్ సర్టిఫికెట్, అది చూపితే బీమా, ఆ తర్వాతే ఫారం 20లో వింటేజ్ దరఖాస్తు. పాత ఆర్.సి. ఉంటే పాత నంబరే నిలుస్తుంది. అది లేకపోతే కొత్తగా, రాష్ట్రం కోడ్ తర్వాత వి.ఎ. అక్షరాలున్న నంబరు వస్తుంది, అప్పుడు ఓడరేవులో ఇచ్చిన దిగుమతి పత్రం, అంటే బిల్ ఆఫ్ ఎంట్రీ, తప్పనిసరి. మామయ్య ఇనప్పెట్టెలో ఆర్.సి.కి చెదలు పట్టి సగమే మిగిలింది గాని, నంబరు, ఛాసిస్ అంకెలు ఉన్న సగం అది. మీ తాతగారి పెట్టెలన్నీ వెతికించండి. పదేళ్లు చెల్లే ఆ వింటేజ్ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ (ఫారం 23ఎ)తో ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు, పెట్రోలుకు మాత్రమే వెళ్లవచ్చు. రోజూ ఆఫీసుకు నడుపుకోవాలన్న ఆలోచన ఉంటే ఈ దారి మీకు పనికిరాదు.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు, ఈ సాయంత్రమే కారు బానెట్ ఎత్తి, ఎవరినైనా లోపల కూర్చోబెట్టి చోక్‌ను లాగి వదలమనండి. రెండు జెట్లూ ఒకేసారి పైకి తిరిగి వస్తున్నాయో లేదో కిందనుంచి చూసి, ఇక్కడ రాయండి.