లెన్సులో బూజు, ఫొటోలో కుడివైపు మసక: రిపేరుకి పంపాలా, అమ్మేయాలా?

అడిగిన ప్రశ్న: "రాజోలులో పెళ్లి ఫొటోలు తీస్తాను. సెకండ్ హ్యాండ్‌లో కొన్న 24-70 ఎఫ్/2.8 లెన్సు లోపల, అంచు దగ్గర దారాల్లా ఏదో కనిపిస్తోంది. గ్రూపు ఫొటోల్లో కుడివైపు నిలబడ్డవాళ్లు మసగ్గా వస్తున్నారు. హైదరాబాద్‌లో రిపేరుకి 7,500 అడిగారు. ఇదే లెన్సు మంచిది సెకండ్ హ్యాండ్‌లో 32,000 ఉంది. ఇప్పుడు ఆషాఢం, ఖాళీ. శ్రావణంలో ముహూర్తాలున్నాయి. పంపనా, అమ్మేయనా?"

పంపండి, అదీ ఈ ఆషాఢంలోనే. కాకపోతే రెండు జబ్బుల్ని ఒకే బిల్లులో కలపనివ్వకండి. అంచున కాస్త బూజు ఉన్నంత మాత్రాన సాధారణంగా ఫొటోలో ఒక్క పక్కే మసకబారదు. బూజు వల్ల ఫొటో మొత్తం మీద కాంట్రాస్ట్ తగ్గుతుంది, మండపంలో ఎదురు ఫోకస్ లైటు ఉంటే తెర కప్పినట్టు వస్తుంది. ఒక పక్క మసకకి కారణం ఎక్కువగా లోపలి గ్లాసు ఉన్నచోటే ఏటవాలుగా వంగడమో, పక్కకి జరగడమో. బూజు వాన రోజుల్లో పాకుతూనే ఉంటుంది, అది వదిలే ఆమ్లం గ్లాసు మీది కోటింగుని తినేస్తుంది. తినేశాక తుడిచినా మచ్చ పోదు. వంకర అలా కాదండి, మళ్లీ దెబ్బ తగలకపోతే ఉన్నచోటే ఉంటుంది. కాబట్టి తొందర బూజుకే.

అసలు అది బూజేనా అన్నది ముందు చూసుకోండి. రాత్రి గదిలో లైట్లు ఆర్పి, లెన్సుని కెమెరా నుంచి తీసి, చిన్న ఎల్ఈడీ టార్చిని ముందు గ్లాసు మీద ఏటవాలుగా వేసి వెనక నుంచి చూడండి. నికాన్ ఎఫ్ మౌంట్ (లెన్సుని కెమెరాకి బిగించే చోటు) లెన్సుల్లో చాలావాటికి కెమెరా నుంచి తీయగానే లోపల వెలుగు దారిని చిన్నది చేసే బ్లేడ్లు మూసుకుంటాయి. మౌంట్ దగ్గరున్న చిన్న లీవరుని వేలితో మెల్లగా తోసి పట్టుకుంటే తెరుచుకుంటాయి. బూజైతే సన్నటి తెల్లటి దారాలు చెట్టు వేళ్లలా చీలుతూ అంచు నుంచి లోపలికి వస్తాయి. విడివిడి చుక్కలైతే దుమ్ము, దానికి రూపాయి కూడా ఖర్చు పెట్టొద్దు. గ్లాసంతా పాలు కలిపిన నీళ్లలా ఉంటే అది గ్రీజు ఆవిరి పట్టిన పొర, శుభ్రం చేస్తే చాలావరకు పోతుంది. అంచున సబ్బు బుడగ మీది రంగుల్లా మెరుస్తుంటే రెండు గ్లాసుల్ని అతికించిన జిగురు విడుతోందని. అది తుడిస్తే పోయేది కాదు, ఆ గ్లాసుల జత మొత్తం మార్చాల్సిందే.

బూజు ఏ గ్లాసు మీదుందో కూడా ముఖ్యం, ఖర్చంతా అక్కడే తేలుతుంది. ముందు నుంచి చూస్తే పైపైనే ఉన్నట్టుంటే మొదటి గ్లాసు వెనక అన్నమాట. చాలా లెన్సుల్లో పేరు రాసిన రింగు తీస్తే ఆ గ్లాసు బయటికొస్తుంది, తేలిక పని. మధ్యలో ఉంటే లెన్సంతా విప్పాలి, బిగించాక సెంటరింగ్, అంటే గ్లాసులన్నీ ఒకే వరసలో నిటారుగా ఉన్నాయా అన్నది, మళ్లీ సరిచూడాలి. అతికించిన రెండు గ్లాసుల మధ్యలో దూరితే ఇక శుభ్రం చేసే మాటే లేదు.

ఇప్పుడు కుడివైపు సంగతి. గ్రూపు ఫొటో చూసి తేల్చకండి. రెండో వరసలోవాళ్లు కొంచెం వెనక నిలబడినా ఎఫ్/2.8 దగ్గర, అంటే బ్లేడ్లు పూర్తిగా తెరిచినప్పుడు, మసగ్గానే వస్తారు. చదునైన గోడ ఒకటి చూసుకోండి. ఫుల్ ఫ్రేమ్ కెమెరా అయితే 50 ఎంఎం దగ్గర, 3 మీటర్ల దూరంలో, ఫ్రేములో సుమారు 2.1 మీటర్ల వెడల్పు, 1.4 మీటర్ల ఎత్తు గోడ పడుతుంది. నాలుగు మూలలా, మధ్యలోనూ న్యూస్ పేపర్లో చిన్న అక్షరాలున్న పేజీలు ముడతల్లేకుండా అంటించండి. కెమెరా గోడకి సరిగ్గా ఎదురుగా లేకపోతే పరీక్షంతా దండగ. అందుకని మధ్య పేపరు మీద చిన్న అద్దం ముక్క గోడకి ఆనించి అంటించండి. మీ లెన్సు ప్రతిబింబం ఆ అద్దంలో, ఫ్రేముకి నట్టనడుమ కనిపించేదాకా ట్రైపాడ్ జరపండి. తర్వాత అద్దం తీసేసి, లెన్సులో స్టెబిలైజర్ ఉంటే ఆపి, ఐఎస్ఓ 100, 2 సెకన్ల టైమరు పెట్టి, లైవ్ వ్యూలో మధ్య అక్షరాల్ని పెద్దవి చేసి చేత్తో ఫోకస్ చేయండి. ఎఫ్/2.8, 4, 5.6, 8 దగ్గర ఒక్కొక్కటి తీయండి. 24 దగ్గర, 70 దగ్గర కూడా దూరం మార్చుకుని ఇలాగే.

ఎడమ కుడి మూలలు రెండూ సమానంగా కాస్త తగ్గితే అది జూమ్ లెన్సుల స్వభావం, రోగం కాదు. కుడివైపే తగ్గితే, ఆ కుడి పేపరు మీద ఫోకస్ చేసి మళ్లీ తీయండి. అప్పుడు కుడి బాగుపడి ఎడమ చెడితే లోపల గ్లాసు వంగింది. ఎలా ఫోకస్ చేసినా కుడి బాగుపడకపోతే గ్లాసు పక్కకి జరిగింది. తర్వాత కెమెరాని నిలువుగా తిప్పి, అద్దంతో మళ్లీ సరిచూసుకుని తీయండి. మసక కూడా తిరిగి పైకో కిందికో పోతే గోడ తప్పు కాదని ఖాయం. అదే కెమెరాకి ఇంకో లెన్సు తగిలించి అక్కడా కుడి చెడుతోందేమో చూడండి. చెడితే తప్పు కెమెరా మౌంటుదో సెన్సారుదో.

మసక ఎఫ్/2.8లోనే ఉండి 5.6కి పోతుంటే దాన్ని ముట్టుకోనివ్వకండి. గ్రూపులు తీసేది ఎలాగూ 5.6 నుంచి 8 మధ్యే. క్యాండిడ్‌లకి 2.8 వాడినా మూలల్లో మొహాలు ఉండవు. ఎఫ్/8లో కూడా ఉంటే మాత్రం సెంటరింగ్ చేయించాల్సిందే. సరిచేశాక పరీక్షించే కాలిమేటరో, టెస్ట్ ప్రొజెక్టరో ఉందా అని ఫోన్లో అడగండి. లేదంటే బూజు పని వరకే ఇవ్వండి. అంచనాతో తిప్పిన సెంటరింగ్ ఉన్నదాన్ని కూడా చెడగొడుతుంది.

డబ్బు లెక్కకి వస్తే, 32,000కి 7,500 అంటే పావు వంతు కూడా కాదు, పెట్టొచ్చు. విప్పి చూశాక "గ్లాసుల జత మార్చాలి" అని బిల్లు 15,000 దాటితే అక్కడే ఆపేయండి. వదిలేస్తే విప్పి చూసినందుకు ఎంత తీసుకుంటారో ముందే మాట్లాడుకోండి. అమ్మాల్సి వస్తే టార్చి ఫొటో పెట్టి, ఉన్నది చెప్పి అమ్మండి.

మీరే విప్పే పని పెట్టుకోవద్దు. జపాన్ లెన్సుల స్క్రూలు చూడటానికి ప్లస్ స్క్రూల్లాగే ఉంటాయి, గాడి ఆకారం కొంచెం వేరు. మామూలు ప్లస్ డ్రైవరు పెడితే తల అరిగిపోతుంది. మౌంట్ కింద పల్చటి రేకు షిమ్ములుంటాయి. ఒక్కటి మారినా ఆ లెన్సు దూరపు ఫోకస్ అందుకోదు, లేదా ఒక పక్కకి వాలుతుంది. ఎండలో పెడితే బూజు చస్తుందనీ అంటారు. చచ్చినా దారాలు అక్కడే ఉంటాయి, పైగా వేడికి గ్రీజు పల్చబడి బ్లేడ్ల మీదికి జారుతుంది. బియ్యం డబ్బాలో పెట్టకండి, తవుడు పొడి జూమ్ సందుల్లో దూరుతుంది. కలరా ఉండలు, కర్పూరం దగ్గర లెన్సు పెట్టొద్దని కంపెనీల మాన్యువల్స్‌లోనే ఉంటుంది.

పంపేటప్పుడు ఫిల్టరు, హుడ్ తీసేసి, జూమ్ పొట్టిగా చేసి, రెండు మూతలు పెట్టి, సిలికా జెల్ పొట్లంతో జిప్ కవర్లో వేయండి. చుట్టూ రెండంగుళాల ఫోమ్ పెట్టి, ఆ డబ్బాని ఇంకో డబ్బాలో పెట్టండి. సీరియల్ నంబరు, టార్చి వీడియో మీ దగ్గర ఉంచుకోండి. గోడ ఫొటోల్లో ఎఫ్/2.8ది, ఎఫ్/8ది ప్రింటు తీసి లోపల పెడితే మెకానిక్‌కి ఏం చూడాలో తెలుస్తుంది.

లెన్సు వచ్చేలోగా దాని ఇల్లు మార్చండి. ఇక్కడ వానాకాలంలో గదిలో హైగ్రోమీటరు (గాలిలో తేమ శాతం చూపేది) 80 దాటడం మామూలే, 60, 65 దాటితే చాలు బూజుకి. బీరువా, తోలు సంచి రెండూ వద్దు. రబ్బరు అంచున్న 10 లీటర్ల ప్లాస్టిక్ డబ్బా, అరకిలో సిలికా జెల్, చిన్న హైగ్రోమీటరు చాలు. ముల్లు 40 నుంచి 50 మధ్య ఉండాలి, 30 కిందికి పోనివ్వొద్దు. నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగితే వంటకి వాడని మూకుడులో సన్నటి సెగ మీద నీలం వచ్చేదాకా వేడి చేసి, చల్లారాక వేయండి. ఏసీ హాలు నుంచి బయటికొచ్చినప్పుడు సంచి జిప్ అరగంట తీయకండి, లేకపోతే గ్లాసు మీద చెమ్మ పడుతుంది.

తిరిగొచ్చిన రోజే అదే గోడ, అవే పేపర్లతో మళ్లీ తీయండి. రాత్రి ఏటిగట్టు మీద నిలబడి, అవతలి ఒడ్డున సెల్ టవర్ ఎర్ర లైటు మీద 24 దగ్గర, 70 దగ్గర ఫోకస్ చేసి చూడండి. ఆ లైటు చిన్న చుక్కగా రాకుండా ఉబ్బి కనిపిస్తే షిమ్ములు తేడాగా బిగించారని. వారంటీ రోజులు అయిపోకముందే వెనక్కి పంపండి.