చెయ్యి కదిలిందా, కదిపామా?

సందేహం: ఒక నాడీశాస్త్రజ్ఞురాలి పరిశోధనను తెలుగులో పరిచయం చేస్తూ, ‘చెయ్యి కదిపే నిర్ణయాన్ని మెదడు మనకంటే ముందే తీసుకుంటుంది’ అని రాశాను. ‘నిర్ణయం తీసుకొను’ అనేది తెలుగు కాదనీ, శాస్త్ర వ్యాసంలో ‘కదలిక’ అనకుండా ‘చలనం’ అనే రాయాలనీ ఒక మిత్రుడు దిద్దారు. ఏది సరైనది?

సమాధానం: మొదటి అభ్యంతరంలో కొంత న్యాయం ఉంది. ‘నిర్ణయించు’, ‘నిశ్చయించు’ అనే క్రియలు ఉండగా ఆంగ్లం చూసి ‘తీసుకొను’ను తగిలించనక్కరలేదు. అయితే ఇన్నేళ్లుగా వాడుకలో నలిగిన మాటను ఇప్పుడు తప్పని కొట్టివేయలేము. నేను అలా రాయను, రాసినవారిని దిద్దను.

రెండో అభ్యంతరాన్ని మాత్రం అంగీకరించలేను. జడపదార్థం చోటు మారడాన్ని చెప్పేటప్పుడు ‘చలనం’ పొందికగానే ఉంటుంది. కానీ దాని క్రియారూపమైన ‘చలించు’ను తెలుగువారు ఎక్కువగా మనసుకే వాడుతున్నారు; ‘ఆ దృశ్యానికి చలించాడు’ అంటాము గాని, ‘వేలు చలించింది’ అంటే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ‘కదలిక’ వెనుక ‘కదులు’, ‘కదుపు’ అనే జంట ఉంది. ఒకటి అకర్మకం, రెండోది సకర్మకం. ఐచ్ఛిక చర్యలను పరిశీలించే శాస్త్రానికి ఈ భేదం ప్రాణం వంటిది. పార్కిన్సన్ వ్యాధినే తీసుకోండి: నడిమి మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు నశించడం వల్ల ఆ రోగికి, ఊరికే ఒడిలో పెట్టుకున్న చెయ్యి తనంతట తాను కదులుతూ ఉంటుంది; కావాలని కదపబోతే మాత్రం వెంటనే సాగదు. ఈ రెంటినీ ‘చలనం’ అనే ఒక్క మాటలో కలిపేస్తే చెప్పవలసిన విషయమే జారిపోతుంది.

ఇక మీరు అడగని సంగతి ఒకటి ఉంది. నా దృష్టిలో అసలు చిక్కు అదే. మీ వాక్యానికి మూలం అమెరికా నాడీశాస్త్రజ్ఞుడు బెంజమిన్ లిబెట్ బృందం 1983లో ప్రచురించిన ప్రయోగం కావచ్చు. కదలికకు ముందు మెదడులో ఒక విద్యుత్ మార్పు నెమ్మదిగా పెరుగుతుందని జర్మనీలో కోర్న్‌హూబర్, డీకె అనే శాస్త్రజ్ఞులు 1965 నాటికే చూపించారు. లిబెట్ తన ప్రయోగంలో పాల్గొన్నవారిని, గడియారం వంటి పలకపై తిరిగే చుక్కను చూస్తూ, తోచినప్పుడు మణికట్టును కదిపి, కదపాలన్న కోరిక కలిగిన క్షణాన చుక్క ఎక్కడుందో చెప్పమన్నారు. విద్యుత్ మార్పు కదలికకు సుమారు 550 మిల్లీసెకన్ల ముందు మొదలుకాగా, వారు చెప్పిన క్షణం సుమారు 200 మిల్లీసెకన్ల ముందు వచ్చింది.

ఆయన అడిగినది ‘కదపాలనిపించిన’ క్షణాన్ని. తెలుగులో ‘అనిపించు’ వేరు, ‘అనుకొను’ వేరు, ‘నిర్ణయించు’ వేరు. ‘నాకు అనిపించింది’ అన్నప్పుడు ‘నేను’ కర్తను కాను, చతుర్థిలో ఒదిగి ఉంటాను. ‘నేను అనుకున్నాను’ అనగానే కర్తనవుతాను. ‘నిర్ణయించాను’ అనాలంటే ఎదుట కనీసం రెండు దారులుండి, వాటిని తూచి ఉండాలి. చుక్కల గుంపు కుడికి పోతోందా, ఎడమకు పోతోందా అని కోతులు పోల్చుకొని, చూపును అటు తిప్పి తెలియజేసే ప్రయోగాలున్నాయి. అక్కడ ‘నిర్ణయం’ అతికినట్లు సరిపోతుంది. లిబెట్ ప్రయోగంలో తూచవలసినది ‘ఎప్పుడు’ అన్నదొక్కటే, దానికీ ఏ ఆధారమూ ఇవ్వలేదు. పైగా ఆ విద్యుత్ మార్పు అప్పటికే పూర్తయిన నిర్ణయం కాదనీ, మెదడులో సహజంగా ఉండే హెచ్చుతగ్గులు ఒక హద్దును దాటే క్రమం కావచ్చనీ 2012లో మరొక వ్యాఖ్యానం వచ్చింది. కనుక ఆ విద్యుత్ మార్పునే ‘నిర్ణయం’ అని రాస్తే, శాస్త్రజ్ఞుల మధ్య ఇంకా నడుస్తున్న వాదానికి అనువాదకుడు తీర్పు చెప్పినట్లవుతుంది.

‘మనకంటే ముందే’ అన్న మాట కూడా మెదడును మననుంచి విడదీసి, మనకు తెలియకుండా పెత్తనం చేసే మరొక మనిషిగా నిలబెడుతోంది. వ్యాకరణం దానికి అడ్డు చెప్పదు, కాని ప్రయోగం అంత దూరం పోలేదు. నేనైతే ఇలా రాస్తాను: ‘చెయ్యి కదపాలని మనకు అనిపించడానికి ముందే మెదడులో అందుకు సంబంధించిన విద్యుత్ మార్పు మొదలవుతుంది.’ ఇందులో నిర్ణయమూ లేదు, తీసుకోవడమూ లేదు కనుక మీ మిత్రుడితో ఆ పేచీ ఉండదు.