‘స్వయంచాలక’ కాదు, ‘స్వీయ’

సందేహం: ప్రయోగశాల పాఠం ఒకటి తెలుగు చేస్తున్నాను. ‘ఆటోరేడియోగ్రఫీ’ని ‘స్వయంచాలక రేడియోగ్రఫీ’ అనవచ్చా? ‘జెల్‌లోని రేడియోధార్మికతను ఫిల్ము కొలిచింది’ అన్న వాక్యం సరైనదేనా?

సమాధానం: ‘స్వయంచాలక’ అనకండి. తనంతట తాను నడిచే యంత్రానికి ఆ మాట చెల్లుతుంది. ఇక్కడ ఆరబెట్టిన జెల్ (అణువులను వేరుచేసే మెత్తటి పలక) మీద ఎక్స్‌రే ఫిల్ము పరిచి, గంటలో రోజులో చీకట్లో ఉంచి, తర్వాత కడిగేది మనిషే. ‘ఆటో’ అన్న గ్రీకు మాటకు మూలార్థం ‘తాను’. ఆటోబయోగ్రఫీని స్వీయచరిత్ర అంటున్నది అందుకే. మామూలు ఎక్స్‌రేలో కిరణాలు బయటి గొట్టం నుంచి వస్తాయి. ఇందులో వస్తువే కిరణాలు విడిచి తన బొమ్మ తానే గీసుకుంటుంది. 1896లో ఫ్రెంచి శాస్త్రవేత్త బెకెరల్ నల్ల కాగితం చుట్టిన ప్లేటు మీద యురేనియం లవణం ఉంచినప్పుడు పడిందీ అటువంటి బొమ్మే. కాబట్టి ‘స్వీయ వికిరణ చిత్రణ’ అనండి. ల్యాబ్‌లో పనిచేసేవాళ్లు ఆటోరేడియోగ్రఫీ అనే అంటారు, అలాగే ఉంచినా నాకు అభ్యంతరం లేదు.

మీ వాక్యం విషయంలో మాత్రం గట్టిగా చెప్పాలి. రేడియోధార్మికత పదార్థపు గుణం. ‘కాల్చడం నిప్పు ధర్మం’ అంటామే, ఆ ధర్మమే ఇందులో ఉన్నది. ఫిల్ముకు తగిలేది గుణం కాదు, వికిరణం. పైగా ఫిల్ము చూపుతుందే గానీ కొలవదు. ఆ నలుపు ఎంత చిక్కనో చెప్పే డెన్సిటోమీటరుతో మనం కొలుస్తాం. అప్పుడైనా నలుపు రెట్టింపైతే లేబుల్ (అణువులకు తగిలించిన రేడియోధార్మిక గుర్తు) రెట్టింపని రాయడానికి తొందరపడకూడదు. బాగా నల్లబడ్డ చోట ఇక నల్లబడే రేణువులు మిగలవు. లేబుల్‌గా వాడే రేడియోధార్మిక ఫాస్ఫరస్-32 కోసం ఫిల్ము వెనక వెలుగునిచ్చే తెర పెడితే ఇంకో చిక్కు: ఒక్క కాంతి కణంతో వెండి రేణువు డెవలప్ కాదు, తర్వాతిది వచ్చేలోపు మొదటిదాని ప్రభావం చెరిగిపోతుంది. అందువల్ల లేత బ్యాండ్లు (ఫిల్ము మీది చారలు) మరీ లేతగా పడతాయి. దీన్ని సరిదిద్దడానికే ఫిల్ముకు ముందుగా చిన్న ఫ్లాష్ వెలుగు చూపి, మైనస్ 70 డిగ్రీల చలిలో ఉంచుతారు.

అందుకని ఇలా రాయండి: ‘లేబుల్ ఎక్కడుందో ఫిల్ము చూపింది, ఎంతుందో నలుపును బట్టి లెక్కగట్టాం.’

పాఠంలో ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) లేబుల్‌గా వస్తే ‘కనిపించలేదు’ అన్నచోట ‘లేదు’ అని రాయకండి. అది విడిచే బీటా కణాల (ఎలక్ట్రాన్ల) శక్తి చాలా తక్కువ, దాదాపు అన్నీ జెల్‌లోనే ఆగిపోతాయి. జెల్‌ను కాంతినిచ్చే రసాయనంలో నానబెడితే తప్ప ఫిల్ము మీద జాడ పడదు, లేబుల్ మాత్రం అక్కడే ఉంటుంది.